చిన్న జీతో గోల్కొండ

(హనుమకొండలో డిగ్రీ విద్యార్థులు, ఇంగ్లీషు అధ్యాపకుల ముందు ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ చేసిన ప్రసంగం. చివర అడిగిన ప్రశ్నలు, జవాబులతో సహా.)

అందరికీ నమస్కారం.

ఇవ్వాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఇంగ్లీషు నిఘంటువు తీసి జీ అక్షరం దగ్గర వెతికితే 'గోల్కొండ' అని కనిపిస్తుంది. అది కోట పేరు కాదు, ఊరి పేరు కాదు. చిన్న జీతో మొదలయ్యే మామూలు నామవాచకం. టేబుల్, రివర్, విలేజ్ ఎట్లాగో అదీ అట్లాగే. అర్థం ఏమిటంటే, సమృద్ధిగా సరుకు దొరికే గని. దాన్ని ఇంకొంచెం సాగదీస్తే, గొప్ప సంపద పుట్టే చోటు. మీలో చాలామంది గోల్కొండ కోట ఎక్కి ఉంటారు. అదే పేరు ఇంగ్లీషులో ఒక కామన్ నౌన్‌గా ఉందన్న సంగతి మాత్రం మన క్లాసుల్లో ఎవరూ ఎత్తరు. నాకైతే ఈ మాట పాఠంలో ఉండాలనే ఉంది, ముఖ్యంగా తెలంగాణలో.

ముందు వాడుక సంగతి చెప్పుకుందాం. దీన్ని పలికేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు మధ్య అక్షరం మీద ఒత్తు పెడతారు. 'కొం' దగ్గర గొంతు లేస్తుంది. మనం పలికినట్టు అన్ని అక్షరాలూ సమానంగా పలకరు. వాక్యంలో దాదాపు ఎప్పుడూ ముందు 'ఎ' అనే ఆర్టికల్ ఉంటుంది, వెనక 'ఆఫ్' వస్తుంది. 'ఎ గోల్కొండ ఆఫ్ ఇన్‌స్క్రిప్షన్స్' అంటే శాసనాలు కుప్పలుగా దొరికే చోటు. మన ఓరుగల్లు, చుట్టుపక్కల ఊళ్ళ గురించి ఆ వాక్యం కళ్ళు మూసుకుని రాయొచ్చు. పాత లైబ్రరీ గురించి, మంచి ఆర్కైవ్ గురించి, జానపద కథలు తెలిసిన ఊరి గురించి రాసేటప్పుడూ ఈ మాట చక్కగా అమరుతుంది. డబ్బే ఉండాలని లేదు.

అయితే ఒక హద్దు ఉంది. గోల్కొండ అంటే సంపద కాదు, సంపద వచ్చే చోటు. 'ఆయనకు బ్యాంకులో పెద్ద గోల్కొండ ఉంది' అని రాస్తే తప్పు. మనిషిని పట్టుకుని 'హీ ఈజ్ ఎ గోల్కొండ' అన్నా కుదరదు. అపర కుబేరుడు అనే అర్థంలో ఇంగ్లీషుకు వేరే పేరుంది, క్రీసస్. లిడియా అనే పాత రాజ్యానికి రాజు ఆయన. కాబట్టి మనిషికి క్రీసస్, చోటుకు గోల్కొండ. ఒక పుస్తకాన్ని గోల్కొండ అనొచ్చా అంటే అనొచ్చు, ఎందుకంటే అందులోంచి మనం ఏదో తవ్వి తీసుకుంటాం.

ఇదే కుటుంబంలో ఇంకో మూడు మాటలున్నాయి. పిల్లలు వాటిని కలిపేస్తుంటారు కనుక విడదీసి చెప్తాను. మొదటిది బొనాంజా. స్పానిష్‌లో దానికి సముద్రం మీద వాతావరణం అనుకూలించడం అని అర్థం. అమెరికా పశ్చిమాన గనులు తవ్వినవాళ్ళ నోట్లో పడి, ఉన్నట్టుండి తగిలిన అదృష్టం అయింది. మన తెలుగులో దానికి అచ్చంగా సరిపోయే మాట లంకెబిందెలు. పునాది తవ్వుతుంటే లంకెబిందెలు దొరికాయి అంటాం కదా, అది బొనాంజా. రెండోది ఎల్డొరాడో. అది ఎవరికీ దొరకని చోటు. దక్షిణ అమెరికాలో బంగారు రాజ్యం ఉందని నమ్మి స్పెయిన్‌వాళ్ళు ఏళ్ళ తరబడి అడవులు పట్టి తిరిగారు. మూడోది పోటోసీ. బొలీవియాలో వెండి కొండ. 1545 నుంచి స్పెయిన్‌వాళ్ళు దాన్ని తవ్వారు. స్పానిష్‌లో ఇప్పటికీ ఒకదాని విలువ చెప్పాలంటే 'ఒక పోటోసీ చేస్తుంది' అంటారు. గోల్కొండకు నిజమైన తోబుట్టువు ఇదే. రెండూ నిజంగా ఉన్న చోట్లు, రెండూ నిజంగా ఇచ్చినవి. తేడా ఒక్కటే. పోటోసీలో వెండి పోటోసీ కొండలోనే ఉంది. గోల్కొండలో వజ్రం లేదు.

ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం. మాట అసలు కథ ఇక్కడే ఉంది.

గోల్కొండ గ్రానైటు గుట్ట. కాకతీయుల కాలంలో అక్కడ మట్టికోట ఉండేదని చెప్తారు. కాకతీయుల తర్వాత ఓరుగల్లును మళ్ళీ నిలబెట్టిన ముసునూరి కాపయ నాయకుడు 1360ల్లో దాన్ని బహమనీ సుల్తానుకు వదులుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కుతుబ్ షాహీల చేతిలో అది రాళ్ళకోట అయింది, రాజధాని అయింది. 1687లో ఔరంగజేబు నెలల తరబడి ముట్టడించి పట్టుకున్నాడు. ఈ మొత్తం కాలంలో ఆ గుట్టలో ఒక్క వజ్రపు గని లేదు. గనులు కృష్ణా ఒడ్డున ఉన్నాయి. వాటిలో పెద్దది కొల్లూరు. ఇప్పటి పల్నాడు వైపు, కృష్ణకు దక్షిణాన. ఈ రోజు ఆ చోటు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళలో ఉంది.

మరి పేరు గోల్కొండది ఎందుకయింది? రాయి అక్కడికి వచ్చేది కాబట్టి. కొనేవాడు అక్కడ ఉండేవాడు కాబట్టి. రాజ్యం పేరు అది, రాజుగారి ఖజానా అక్కడ, సానపట్టేవాళ్ళూ వర్తకులూ కోట కిందా, కార్వాన్ పేట వైపూ. ఇరాన్ నుంచో యూరప్ నుంచో వచ్చిన వ్యాపారి కృష్ణ ఒడ్డున గుంటలు చూడడానికి రాలేదు. రాయి కొనడానికి వచ్చాడు. ఎక్కడ కొన్నాడో ఆ పేరే ఇంటికి పట్టుకుపోయాడు.

గుంటల దాకా వెళ్ళినవాళ్ళు తక్కువ. వాళ్ళలో ఒకడు జాన్ బాప్టిస్ట్ తవెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి. 17వ శతాబ్దం మధ్యలో వచ్చాడు. ఆయన ప్రయాణాల పుస్తకం 1676లో ఫ్రెంచిలో అచ్చయింది. అందులో ఒక వాక్యం నాకు ఎప్పుడు చదివినా కొత్తగానే ఉంటుంది. గోల్కొండ నుంచి తూర్పుగా ఏడు రోజుల ప్రయాణంలో ఇంకో వజ్రాల గని ఉందనీ, దాన్ని ఈ దేశపు భాషలో 'గని' అంటారనీ, పారశీకంలో 'కులూర్' అంటారనీ రాశాడు.

ఏం జరిగిందో చూడండి. ఆయన అక్కడి మనిషిని ఈ చోటు ఏమిటి అని అడిగి ఉంటాడు. ఆ మనిషి తెలుగులో 'గని' అన్నాడు. తవెర్నియే దాన్ని ఊరి పేరు అనుకుని పుస్తకంలో పెద్ద అక్షరంతో రాసుకున్నాడు. కొల్లూరు అన్న అసలు పేరేమో పారశీకం ఖాతాలో పడింది. అంటే గని అనే మామూలు మాట ఆయన చేతిలో ఊరి పేరు అయింది. తర్వాత ఇంగ్లీషు దీనికి సరిగ్గా ఎదురు పని చేసింది. గోల్కొండ అనే ఊరి పేరును తీసుకుని దానికి గని అని అర్థం చెప్పింది. ప్రాపర్ నౌన్, కామన్ నౌన్ అని మనం ఆరో తరగతిలో గీత గీసి చెప్తాం. ఆ గీతను రెండు వైపుల నుంచీ దాటిన ఇట్లాంటి జంట ఇంకోటి నాకు కనిపించలేదు.

గని అనే మాట మనకు దూరమైనది కాదు. గోదావరిఖని పేరు చివర ఉన్నది దాని అన్నే. ఖని సంస్కృతం, గని తద్భవం. అక్కడి కార్మికుల ఇళ్ళలో మాత్రం ఈ రెండూ వినపడవు. బాయి అంటారు. 'మా నాయన బాయి పనికి పోయిండు' అంటారు. తవెర్నియే గోదావరిఖనికి వచ్చి అడిగుంటే ఆయన పుస్తకంలో 'బాయి' అనే ఊరు ఉండేది.

ఆ పుస్తకంలోనే కొల్లూరు గని ఎట్లా బయటపడిందో కూడా ఉంది. అప్పటికి సుమారు వందేళ్ళ కింద, ఒక పేదవాడు చిరుధాన్యం విత్తుకుందామని నేల తవ్వుతుంటే ఒక రాయి కనిపించింది. దాదాపు 25 క్యారెట్లు. అదేమిటో అతనికి తెలియదు. మెరుస్తోంది కదా అని గోల్కొండకు తీసుకుపోయాడు. అక్కడ వజ్రాల వ్యాపారి ఒకడు చూసి ఆశ్చర్యపోయాడు. ఎందుకంటే అంతకు ముందు 10, 12 క్యారెట్లకు మించిన రాయి ఆ బజారుకు వచ్చేది కాదు. కబురు పాకింది, డబ్బున్నవాళ్ళు వచ్చి పడ్డారు, చేను గని అయింది. ఇది తవెర్నియే విన్న కథ. ఎంత నిజమో పక్కన పెట్టండి. ఆ పేదవాడి పేరు ఆ కథలో లేదు. అతని చేను పేరు లేదు. పోయిన చోటి పేరు మాత్రం ఉంది.

ఆయన చూసిన పని ఎట్లా ఉందో చెప్తాను, కొంచెం ఓపికగా వినండి. ముందు ఒక చదునైన జాగా చూసుకుంటారు. చుట్టూ రెండు అడుగుల ఎత్తు గోడ పెడతారు. గోడ అడుగున నీళ్ళు పోవడానికి తూములు వదిలి మూసి పెడతారు. మగవాళ్ళు మట్టి తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మోసుకొచ్చి ఆ గోడల మధ్య పోస్తారు. తవ్వుతూ పోతే కింద ఊట నీరు వస్తుంది. ఆ నీళ్ళనే కుండలతో తెచ్చి మట్టి మీద పోసి, అంబలి లాగా పలచబడేదాకా నానబెడతారు. తూములు తీసి బురద నీరు వదిలేస్తారు. ఇట్లా రెండు మూడు సార్లు కడిగి, మిగిలిన ఇసుక, గులకను ఎండలో ఆరబెడతారు. ఆరాక చాటలతో చెరుగుతారు. పంట కోతలప్పుడు గింజలు చెరిగినట్టే అని ఆయనే రాశాడు. సన్నటి దుమ్ము గాలికి పోతుంది. మిగిలిన గడ్డలను రోకళ్ళ లాంటి కర్రలతో దంచి, మళ్ళీ చెరిగి, నేల మీద పరుస్తారు. అప్పుడు అందరూ ఒక వైపు నుంచి వరసగా కూర్చుని చేత్తో వెతుక్కుంటూ పోతారు.

చాట, రోకలి, కుండ. గని పనిముట్లు ఇవే, వంటింట్లో ఉండేవే. కొల్లూరులో ఈ పనికి 60 వేల మంది ఉన్నారని, ఆడా మగా పిల్లలూ కలిపి, తవెర్నియే లెక్క. కూలి ఎంతో ఆయన ఇంకో గని దగ్గర రాశాడు. పనిలో బాగా ఆరితేరినవాడికి కూడా ఏడాదికి మూడు వరహాలు. అంత తక్కువ ఇస్తే రాయి దాచుకోకుండా ఎట్లా ఉంటారు అని కూడా రాశాడు. ఒంటి మీద గోచీ తప్ప ఏమీ ఉండదు కాబట్టి కొందరు రాయిని మింగేసేవారట.

ఈ సంగతులన్నీ నిఘంటువు అర్థంలో పట్టవు. పట్టాలని నేను అడగడం లేదు. కానీ 'సంపద పుట్టే చోటు' అని రాసుకునే ఇంగ్లీషు లెక్చరర్‌కు, పుట్టించింది ఎవరో తెలిసి ఉండాలి. ముఖ్యంగా ఆ చాట పట్టినవాళ్ళు మాట్లాడింది తెలుగు కాబట్టి.

ఇట్లా కొనే చోటి పేరు నిలవడం గోల్కొండతో మొదలు కాలేదు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు మన ఓరుగల్లుకే జరిగింది. మార్కో పోలో పుస్తకంలో 'ముత్ఫిలి' అనే రాజ్యం ఉంది. ఒక రాణి దాన్ని న్యాయంగా ఏలుతోందనీ, అక్కడ కొండల్లో వజ్రాలు దొరుకుతాయనీ, వానలకు కొండల మీంచి కొట్టుకొచ్చిన రాళ్ళను వెతుక్కుంటారనీ, సాలెగూడు అంత సన్నని బట్ట నేస్తారనీ రాశాడు. ఆ రాణి మన రుద్రమదేవి. ఆమె రాజు భార్య అనీ, భర్త పోయాక ఏలిందనీ ఆయన రాశాడు. అది పొరపాటు, ఆమె గణపతిదేవుడి కూతురు. నేను చెప్పదలచుకున్నది ఆ పొరపాటు గురించి కాదు, రాజ్యం పేరు గురించి. ముత్ఫిలి అంటే మోటుపల్లి. సముద్రం ఒడ్డున రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇకపై రాజు లాక్కోడు, సుంకం మాత్రమే తీసుకుంటాడు అని వర్తకులకు మాట ఇచ్చిన శాసనం అది. ఓడలు వచ్చాయి, వర్తకం పెరిగింది. వచ్చినవాళ్ళు ఓరుగల్లు కోట చూడలేదు, రేవు చూశారు. దాంతో కాకతీయ రాజ్యం మొత్తం వాళ్ళ కాగితాల మీద మోటుపల్లి అయిపోయింది.

ఈ రోజు కూడా జరుగుతున్నదే ఇది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొద్దున్నే ఒకసారి వెళ్ళి చూడండి. నర్సంపేట నుంచి, పరకాల నుంచి, ములుగు, భూపాలపల్లి వైపు నుంచి మిర్చి బస్తాలు రాత్రే వచ్చి ఉంటాయి. రైతు బస్తా మీదే తల పెట్టుకుని పడుకుంటాడు. పొద్దున జెండా పాట జరుగుతుంది, ఆ రోజుకు పై ధర తేలుతుంది. తర్వాత ఖరీదుదారు బస్తా మూతి విప్పి, కాయ చేతిలోకి తీసుకుని, తాలు ఎంత ఉందో, తేమ ఎంత ఉందో చూసి తన ధర చెప్తాడు. జెండా ధర అందరికీ రాదు. దడ్వాయి కాంటా వేస్తాడు, హమాలీలు ఎత్తుతారు, రాలిన కాయను ఆడవాళ్ళు చాటలతో ఎత్తి చెరుగుతారు. సాయంత్రానికి అదంతా వరంగల్ మిర్చి అయిపోతుంది. ఏ ఊరి చెల్కలో పండిందో బస్తా మీద ఉండదు.

ఇది తప్పు అని నేను అనడం లేదు. మార్కెట్ పేరు సరుకుకు గుర్తింపు ఇస్తుంది, ధర ఇస్తుంది. మన చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చినప్పుడు అందరం సంతోషించాం. 2018లో వరంగల్ దరీలకు వచ్చినప్పుడు కొత్తవాడలో మగ్గం మీద కూర్చునేవాళ్ళకు ఒక అండ దొరికింది. ఈ జీఐ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పేరు ఒకటే పెట్టినా, ఏయే ప్రాంతాల్లో పండితే, నేస్తే ఆ పేరు వాడుకోవచ్చో కాగితం మీద రాసి తీరాలి. కొల్లూరుకు అట్లాంటి కాగితం ఏనాడూ లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. సింగరేణి. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1920లో ఆ బొగ్గు తవ్వే కంపెనీ సింగరేణి కాలరీస్ అని పేరు పెట్టుకుంది. సింగరేణి ఆ పక్కనున్న చిన్న ఊరు. ఈ రోజు బొగ్గు గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి నుంచి వస్తున్నా పేరు మాత్రం సింగరేణిదే. ఇక్కడ హైదరాబాదు పేరు నిలవలేదు. పల్లె పేరే నిలిచింది. మంచిర్యాలలో, రామగుండంలో పిల్లవాడు 'సింగరేణి' అంటే కంపెనీ అనుకుంటాడు, ఊరు అనుకోడు. అది వేరే సంగతి.

ఇక గోల్కొండ ఇంగ్లీషులోకి ఎట్లా స్థిరపడిందో త్వరగా చెప్తాను. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రం అంటే మన దేశమే. బోర్నియోలో కొద్దిగా దొరికేవి, అంతే. కోహినూర్, ఫ్రాన్స్‌లో లూవ్ర్‌లో ఉన్న రీజెంట్, వాషింగ్టన్‌లో ఉన్న నీలం రంగు హోప్, ఇరాన్‌లో ఉన్న దరియా-ఇ-నూర్, ఇవన్నీ ఈ గనుల రాళ్ళే అని లెక్క. హోప్ వజ్రం అయితే తవెర్నియే ఇక్కడి నుంచి తీసుకుపోయి పద్నాలుగో లూయీకి అమ్మిన రాయిలోంచి వచ్చిందే. ఇంత పేరు తెచ్చుకున్నాక రాజ్యం పోయింది, గనులు వట్టిపోయాయి. మాట మాత్రం అప్పుడే పుంజుకుంది. 18, 19 శతాబ్దాల ఇంగ్లీషు రాతల్లో 'గోల్కొండ గనులు' అనేది దాదాపు సామెత. అక్కడ గోల్కొండ అంటే ఎవరికీ హైదరాబాదు పక్క గుట్ట గుర్తు రాదు.

అమెరికాలో ఇల్లినాయిలో ఒహాయో నది ఒడ్డున గోల్కొండ అనే ఊరుంది. నెవాడాలో గనుల ఊరు ఒకదానికీ అదే పేరు. గని పెట్టినవాడు ఆశకొద్దీ పెట్టుకునే పేరు అన్నమాట, మనం షాపుకు శ్రీలక్ష్మి అని పెట్టుకున్నట్టు. 1953లో బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ ఒక బొమ్మ వేశాడు. టోపీలు, నల్ల కోట్లు వేసుకున్న మగవాళ్ళు ఇళ్ళ మీద వాన చినుకుల్లా గాల్లో నిలబడి ఉంటారు. దానికి పేరు గోల్కొండ. పేరు సూచించింది ఆయన కవి మిత్రుడు. అందులో వజ్రమూ లేదు, కోటా లేదు.

వేలంపాటల్లో మాత్రం ఈ మాట ఇంకా డబ్బుల భాషే మాట్లాడుతుంది. 2012లో జెనీవాలో 76 క్యారెట్ల ఆర్చ్‌డ్యూక్ జోసెఫ్ వజ్రం 2 కోట్ల డాలర్లకు పైగా పలికింది. దాని పక్కన గోల్కొండ అని ఉంది. నైట్రోజన్ దాదాపు లేని, నీళ్ళలా తేటగా ఉండే రాళ్ళను రత్నశాస్త్రంలో టైప్ టూ-ఎ అంటారు. ఆ రకంలో పాత రాళ్ళు ఎక్కువగా మన గనులవి కావడంతో గోల్కొండ అనేది అక్కడ ఒక నాణ్యత పేరు కూడా అయింది. అంటే ఒకే పేరుకు ఇప్పుడు మూడు పనులు: కోట, గని, నాణ్యత.

మరి తెలుగులో? ఇదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసే సంగతి. తెలుగులో గోలకొండ అంటే సంపద అనే వాడుక పుట్టనే లేదు. మనకు గోలకొండ అంటే కోట, దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైదాకా వినిపించడం, ఆషాఢంలో జగదాంబిక బోనాలు, రామదాసు చెరసాల. ఎంత తీసినా తరగనిది అని చెప్పాలంటే అక్షయపాత్ర అంటాం. వజ్రాలు తవ్విన భాషలో వజ్రాల గుర్తు ఆ పేరుకు అంటలేదు. కొనుక్కుపోయిన భాషలో అంటింది. తవ్వేవాడికి గోల్కొండ అంటే సర్కారు, కావలివాడు, పన్ను. సంపద వచ్చే చోటు అని అతను ఎందుకు అంటాడు? అతని దగ్గరి నుంచి సంపద పోయే చోటు అది.

తెలుగులో ఆ పేరును దాదాపు ఇంగ్లీషు అర్థంలో పనిచేయించిన సందర్భం ఒకటే నాకు గుర్తొస్తుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవుల వివరాలు ఊరూరా తెప్పించి అచ్చు వేశారు. ఆయన మనసులో ఇంగ్లీషు అర్థం ఉందని నేను అనను. గోలకొండ ఆయన పత్రిక పేరు, ఈ ప్రాంతానికి పాత పేరు. కానీ ఇంగ్లీషులో ఆ సంచికను ఒక్క మాటలో వర్ణించమంటే 'ఎ గోల్కొండ ఆఫ్ పొయెట్స్' అనే రాస్తాను. ఇంకో తేడా ఏమిటంటే, అందులో ప్రతి కవికీ పేరు ఉంది, ఊరు ఉంది.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, కోహినూర్ మన భద్రకాళి అమ్మవారి కన్ను అని, మాలిక్ కాఫర్ ఎత్తుకుపోయాడని అంటారు. నిజమేనా?

జవాబు: మాలిక్ కాఫర్ 1310లో ఓరుగల్లు నుంచి అపారమైన ధనం పట్టుకుపోయింది నిజం. ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ఇచ్చిన కప్పం అది. కానీ అందులో ఉన్నది కోహినూరే అనడానికి ఆధారం లేదు. ఆ పేరు స్పష్టంగా కనిపించేది 1739లో నాదిర్‌షా ఢిల్లీని కొల్లగొట్టిన తర్వాతి రాతల్లో. అమ్మవారి మీద భక్తి ఒకటి, చరిత్ర ఒకటి. భక్తికి కోహినూర్ సాక్ష్యం అక్కర్లేదు. పరీక్షలో మాత్రం 'అని ప్రతీతి' అని రాయండి.

ప్రశ్న: సార్, ఈ మాట ఈ రోజుల్లో ఎవరైనా వాడుతున్నారా? ఇంటర్వ్యూలో అంటే అర్థమవుతుందా?

జవాబు: అరుదు. మాట్లాడేటప్పుడు వాడొద్దు, అవతలివాళ్ళు కోట అనుకుంటారు. రాతలో వాడండి, అదీ వాక్యంలోనే అర్థం తెలిసేటట్టు. పక్కన 'ఆఫ్' పెట్టి ఏం దొరుకుతుందో చెప్తే చదివేవాడికి ఇబ్బంది ఉండదు. పెద్ద జీ పెట్టినా తప్పు కాదు, చాలామంది అట్లాగే రాస్తారు. ఒక పేజీలో ఒక్కసారి చాలు.

ప్రశ్న: మాది మందమర్రి మేడమ్... సారీ, సార్. 'నార్త్ తెలంగాణ ఈజ్ ఎ గోల్కొండ ఆఫ్ కోల్' అని వ్యాసంలో రాయొచ్చా?

జవాబు: గ్రామర్ పూర్తిగా కరెక్ట్. అర్థమూ కరెక్ట్. రాయమ్మా. కింది వాక్యంలో మందమర్రి, శ్రీరాంపూర్ పేర్లు కూడా రాయి. మీ నాన్న ఏ బాయిలో చేస్తారో దాని పేరు తెలిస్తే, అది కూడా.